ఎఫ్ అనే ఒక్క అక్షరం: పెళ్లి వీడియోల పీసీతో మూడేళ్లు

కరీంనగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. 2022 చివర్లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఈ సిస్టమ్ అసెంబుల్ చేయించాను. ఆ సెప్టెంబర్‌లోనే గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియమ్ (క్రిప్టో కరెన్సీ) మైనింగ్ ఆగిపోయింది, గ్రాఫిక్స్ కార్డుల రేట్లు కాస్త దిగివచ్చాయి. ఇంటెల్ ఐ7 12700ఎఫ్ ప్రాసెసర్, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్. ఎడిటింగ్‌కు వాడేది ప్రీమియర్ ప్రో.

ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే దానికి సొంత గ్రాఫిక్స్ లేనట్టే. ఎఫ్ లేనిది రెండు వేల పైచిలుకు ఎక్కువ చెప్పారు. ఎలాగూ కార్డు కొంటున్నాం, ఇంకా అదెందుకులే అని కక్కుర్తి పడ్డాను. గేమ్స్ ఆడేవాళ్లకైతే ఆ లెక్క కరెక్టే.

మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. తర్వాత మా కెమెరామన్ సోనీ ఏ7 ఫోర్ కొని, హెచ్.265లో (వీడియోను బాగా కుదించే పద్ధతి) 10 బిట్ 4:2:2, అంటే రంగుల సమాచారం ఎక్కువుండే ఫుటేజ్ తీయడం మొదలుపెట్టాడు. కలర్ చేయడానికి ఆ ఫుటేజ్ ఎంత బాగుంటుందో, టైమ్‌లైన్ మీద అంత ఏడిపిస్తుంది. జీలకర్ర బెల్లం షాట్ ప్లే చేస్తే పంతులుగారి మంత్రం వినిపిస్తూనే ఉంటుంది, పెళ్లికొడుకు చెయ్యి మాత్రం గాల్లోనే ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ నూటికి నూరు, కార్డులో వీడియో డీకోడ్ (కుదించిన వీడియోను విప్పే పని) సున్నా. నా 3060 లాంటి 30 సిరీస్ కార్డులకు 4:2:2 డీకోడ్ చేయడం రాదు. ఇంటెల్ సొంత గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ అనే వీడియో విభాగానికి వచ్చు. అంటే నేను రెండు వేలకు వద్దనుకున్నదే!

ఆ శ్రావణమంతా రాత్రిళ్లు ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే తేలికపాటి నకళ్లు) తయారుకు పెట్టి పడుకున్నాను. 2024లో సొంత గ్రాఫిక్స్ ఉన్న 12700కె తెచ్చి అదే మదర్‌బోర్డులో పెట్టించాను. పెట్టినా తేడా లేదు! కార్డు ఉంటే మా బోర్డు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తుందట. బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగ్స్) వెళ్లి ఆన్ చేయాలని తెలిసేసరికి సగం రోజు పోయింది. ఆ తర్వాత అదే షాట్ ప్రాక్సీ లేకుండా ఆగకుండా నడిచింది. కార్డు దండగని కాదు, ఎఫెక్టులకు, ఎక్స్‌పోర్ట్‌కు ఇప్పటికీ అదే దిక్కు.

స్టోరేజ్ విషయంలోనూ దెబ్బ తిన్నాను. 200 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 200 మెగాబిట్లు) తీస్తే గంటకు 90 జీబీ. రెండు కెమెరాల పెళ్లికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. ఒక హార్డ్ డిస్క్ హల్దీ ఫుటేజ్‌తో సహా పోయింది. కెమెరామన్ మెమరీ కార్డులు ఇంకా ఫార్మాట్ చేయకపోబట్టి బతికిపోయాను. ఇప్పుడు రెండు కాపీలు పడ్డాకే కార్డులు తిరిగిస్తున్నాను.

యూపీఎస్ కూడా చూసుకోండి. మొదట కొన్న 600 వీఏ ఇచ్చేది సుమారు 360 వాట్లే. ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే అదీ కుయ్యిమని ఆగిపోయేది. 1 కేవీఏ పెట్టాక ఆ టెన్షన్ లేదు.

ఇప్పుడు కొనేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది: ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులు 4:2:2ను సొంతంగా డీకోడ్ చేస్తాయి. బడ్జెట్ చాలక పాత సిరీస్ కార్డు తీసుకుంటే మాత్రం ఎఫ్ లేని ఇంటెల్ తీసుకోండి. ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ ఈ పనికి రావు. వీలైతే మీ కెమెరాలో తీసిన క్లిప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి షాపులోనే ప్లే చేయించండి.

నా పాత 12700ఎఫ్ మా వీధిలో గేమ్స్ ఆడే కుర్రాడు కొన్నాడు. వాడికి ఇంతవరకు ఏ లోటూ కనిపించలేదట.