ఒడ్డు నడక, గాలం, ఇసుకలో టెంట్: ఒక రోజు అనుభవం

మూడు రోజుల క్యాంపింగ్‌లో రెండో రోజు మొత్తం సముద్రానికే ఇచ్చేశాం. పొద్దున నడక, మధ్యాహ్నం దాటాక గాలం. ముందు టెంట్ వేసిన చోటు గురించి చెప్తాను, ఎందుకంటే రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు ఇసుకలో నడక సాగదు.

క్యాంప్‌సైట్‌లో రెండు చోట్లున్నాయి. ఒకటి సముద్రానికి ఎదురుగా, ఖాళీ ఇసుకలో. ఇంకోటి ఇసుక దిబ్బ వెనక, చెట్ల కింద. మొదటి రాత్రి ఎదురుగా ఉన్నదే తీసుకున్నాం. సూర్యాస్తమయం అద్భుతంగా కనిపించింది, కానీ గాలి పెరిగేసరికి మామూలు మేకులు ఇసుకలోంచి ఊడి వచ్చేశాయి, అర్ధరాత్రి లేచి సంచుల్లో ఇసుక నింపి, టెంట్ తాళ్లు వాటికి కట్టి, మోకాలి లోతు గోతులు తీసి పూడ్చాల్సి వచ్చింది. రెండో రాత్రికి దిబ్బ వెనక్కి మారిపోయాం. అక్కడ సముద్రం కనపడదు, హోరు వినపడుతుంది, గాలి మాత్రం తగలదు. నేనైతే మళ్లీ అక్కడే వేస్తాను. దిబ్బ మీద మాత్రం వేయకండి, ఆ ఇసుకను పట్టి ఉంచేది దాని మీదున్న తీగలూ గడ్డే, తొక్కితే పోతాయి.

బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, ఒంటికి పట్టిన ఉప్పు కడుక్కోవడానికి మంచినీళ్ల షవర్ ఉంది. అద్దెకిచ్చిన గాలపు కర్ర బాగోలేదు, రీల్ ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, మార్చమంటే ఇంకోటి లేదన్నారు. మా దగ్గర సొంతది ఒకటి ఉండబట్టి సరిపోయింది. అన్నిటికంటే నాకు నచ్చింది ఆఫీసు గోడ మీద బోర్డు. ఆ రోజు పోటు (నీళ్లు పూర్తిగా ఎక్కడం), పాటు (పూర్తిగా తీయడం) టైమ్‌లు రాసి పెడుతున్నారు. సముద్రపు ఒడ్డున బస ఎంచుకునేటప్పుడు నేను ఇకమీద మొదట అడిగేది అదే.

ఆ రోజు నీళ్లు పూర్తిగా తీసే టైమ్ 10:40. మేం ఏడున్నరకే బయల్దేరాం. నీళ్లు తీస్తున్నప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, హాయిగా నడవొచ్చు. అదే పైనున్న పొడి ఇసుకలో కాలు దిగబడి, గట్టి నేల మీదకంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. దారిలో ఒక రాళ్ల కొన దాటాలి, పోటులో అక్కడ దారే ఉండదు. రాళ్ల మధ్య మడుగుల్లో ఖాళీ శంఖాల్లో దూరి తిరిగే పీతలను చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు (అందుకే గవ్వలూ శంఖాలూ ఏరుకుని తెచ్చుకోవద్దు, వాటికి ఇళ్లు కావాలి). కానీ 10:40 కాగానే వెనక్కి తిరిగాం. పాటు నుంచి పోటుకి ఆరు గంటల పైచిలుకు పడుతుంది, అయితే నీళ్లు ఒకే వేగంతో ఎక్కవు, మూడో గంటా నాలుగో గంటా కలిపి దాదాపు సగం ఎత్తు ఎక్కేస్తాయి. పైగా పౌర్ణమి అయిన మర్నాడు కాబట్టి పోటు పెద్దది. పదకొండున్నరకి కొన దాటేసరికి టెన్షన్ పోయింది. నాచు పట్టిన రాళ్ల మీద మామూలు చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేసుకోండి.

రెండున్నరకి గాలం వేశాం. పోటెక్కే నీళ్లతో పాటు చేపలు మేతకి ఒడ్డు దగ్గరికొస్తాయి. నేను బలమంతా పెట్టి దూరంగా విసురుతుంటే పక్కనే గాలం వేస్తున్న పెద్దాయన, "అంత దూరం ఎందుకయ్యా, చేప నీ ముందే ఉంది" అని చూపించారు. ఒడ్డుకీ, అలలు విరిగే ఇసుక మెట్టకీ మధ్య నీళ్లు కాస్త ముదురు రంగులో కనిపించే గాడి అది. పొద్దున నీళ్లు తీసినప్పుడు ఆ పల్లంలోంచే నడిచాం, నాకు తట్టలేదు! అక్కడ వేశాక పావుగంటలో కర్ర ఊగింది.

మొత్తం మూడు పడ్డాయి. మొదటిది చిన్నది, చెయ్యి తడుపుకుని పట్టుకుని వదిలేశాం, పొడి చేత్తో పడితే దాని ఒంటి మీది జిగురు పోతుంది. రెండోది జెల్ల. దాని వీపు మీదా రెండు పక్కలా ఉండే ముళ్లు విషం, చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో గాలం తీశాం. మూడోది అరచేతికి మించి పొడవుంది, దాన్ని ఉంచుకున్నాం. అయిదింటికి నీళ్లు పొడి ఇసుక అంచుకొచ్చేశాయి. తెగిన దారం ముక్కలన్నీ ఏరుకుని, రీల్ మంచినీళ్లతో కడిగి పెట్టి, మర్నాటి టైమ్ కోసం బోర్డు దగ్గరికెళ్తే పాటు 11:30 అని రాసి ఉంది. రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కదా, అంటే ఇంకో గంట నిద్రపోవచ్చు.