లిథియం పాలెట్ ట్రక్: మూడేళ్లు దాటిన వాడకం తర్వాత

మేం వాడుతున్నది ఒకటిన్నర టన్నుల బరువు మోసే లిథియం బ్యాటరీ పాలెట్ ట్రక్, అంటే సరుకు పేర్చిన చెక్క పలకల దిమ్మెను (పాలెట్) కింద నుంచి ఎత్తి తీసుకెళ్లే మోటారు బండి. ఎక్కి నిలబడి తోలేది కాదు, హ్యాండిల్ పట్టుకుని వెంట నడిచేది. మేడ్చల్ వైపు సబ్బులు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు వచ్చిపోయే గోడౌన్‌లో రోజూ రెండు షిఫ్టులు తిరుగుతోంది. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఈ తరహా బండ్లు ఇప్పుడు చాలా కంపెనీలవి ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. తేడా అంతా సర్వీసులోనే.

దీని అవసరం ఎందుకు పడిందంటే, గోడౌన్ పెద్దదైంది కాబట్టి. 2017 జూలై 1న జీఎస్టీ రాకముందు, సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. అందుకే కంపెనీలు ప్రతి రాష్ట్రంలో ఒక డిపో పెట్టుకునేవి. 2014లో రాష్ట్రం రెండయ్యాక హైదరాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి అవసరమయ్యాయి. జీఎస్టీతో ఆ లెక్క మారి, చిన్న డిపోలు కలిసి పెద్ద గోడౌన్లయ్యాయి. ఇప్పుడు డాక్ (లారీలు ఆగి సరుకు దించే అరుగు) నుంచి చివరి ర్యాక్ దాకా వంద మీటర్లకు పైనే నడవాలి. చేత్తో లాగే హైడ్రాలిక్ ట్రాలీ ఇరవై అడుగుల దూరానికి బంగారం. వంద మీటర్లు టన్ను బరువుతో లాగితే మధ్యాహ్నానికే మనిషి డీలా పడిపోతాడు. ముఖ్యంగా ఆగి ఉన్న లోడును మొదట కదిలించడానికే ఎక్కువ బలం కావాలి, నడుం పట్టేసేది అక్కడే.

ఆ మొదటి కుదుపు ఇప్పుడు మోటారు చూసుకుంటుంది. మాకు దక్కిన అసలు లాభం స్పీడు కాదు, అది మనిషి నడక కన్నా పెద్ద ఎక్కువేం కాదు. లాభం ఏమిటంటే బండిని ఎవరైనా నడపగలరు. ఇదివరకు పాలెట్ లాగడానికి ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాళ్ల కోసం వెతికేవాళ్లం. ఇప్పుడు ప్యాకింగ్‌లో చేసే ఆడవాళ్లు కూడా సునాయాసంగా తీసుకెళ్తున్నారు.

హ్యాండిల్ గురించి రెండు మాటలు. చివర ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది. వెనక్కి నడుస్తూ గోడకీ బండికీ మధ్య ఇరుక్కుంటే, అది పొట్టకి తగలగానే బండి అవతలికి పోతుంది. కొత్తవాళ్లకి ఏదీ నేర్పకముందు దీన్ని నొక్కి చూపించాలి. తాబేలు బొమ్మ ఉన్న బటన్ నొక్కితే చాలా నెమ్మదిగా పాకుతుంది, ఇరుకు సందుల్లో అదే దిక్కు. హ్యాండిల్ పూర్తిగా పైకి వదిలేస్తే బ్రేక్ పడుతుంది. ఇన్ని ఉన్నా, ఖాళీ బండితో పందేలు వేసుకునే కుర్రాళ్లని మాత్రం ఏ బటనూ ఆపదు. సేఫ్టీ షూస్ లేనివాళ్లను నేను హ్యాండిల్ పట్టుకోనివ్వను.

బ్యాటరీ విషయంలో సంతృప్తి ఉంది, ఒక్క ఎండాకాలం తప్ప. పాలెట్లను పైకెత్తి ర్యాకుల్లో పెట్టే మా పాత స్టాకర్‌ది లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఎనిమిది గంటల చార్జింగ్, ఆ తర్వాత చల్లారడానికి టైమ్, డిస్టిల్డ్ వాటర్ పోయడం, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటు, ఇంత తతంగం. లిథియానికి ఇవేవీ లేవు. టీ టైమ్‌లో కాసేపు, భోజనాల టైమ్‌లో కాసేపు మామూలు ప్లగ్గులో పెడితే చాలు. బ్యాటరీని టిఫిన్ క్యారియర్‌లా చేత్తో ఎత్తి తీసుకెళ్లొచ్చు. అయితే ఈ బ్యాటరీలు సుమారు 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ తీసుకోవు, లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. చార్జర్ చెడిపోయిందని సర్వీసు వాళ్లకు ఫోన్ చేసి, వాళ్లొచ్చేలోపు సాయంత్రమై దానంతటదే ఎక్కడం మొదలెట్టింది! ఆఫీసు గోడ పక్కకి చార్జింగ్ పాయింట్ మార్చాక ఆ టెన్షన్ పోయింది.

చక్రాల సంగతి మాత్రం అమ్మేవాళ్లెవరూ చెప్పరు. ఫోర్కుల (పాలెట్ కిందికి దూరే రెండు ఇనప చేతులు) కింద ఉండే చిన్న రోలర్లే ఈ బండికి ప్రాణం. నేల మీద పడేసిన స్ట్రాపింగ్ (సరుకు బిగించే పట్టీ) ముక్కలు, సరుకు చుట్టూ చుట్టే స్ట్రెచ్ ఫిల్మ్ వాటికి చుట్టుకుంటాయి. తీయకపోతే బేరింగ్ పట్టేసి, రోలర్ తిరగకుండా ఈడ్చుకుపోయి ఒక పక్క చదునుగా అరిగిపోతుంది. నైలాన్ రోలర్లు గట్టివే కానీ చప్పుడు భరించలేం, ఫ్లోర్ జాయింట్ల అంచులు కూడా పగులుతాయి. పాలీయురేథేన్‌వి మెత్తగా పోతాయి, త్వరగా అరుగుతాయి. మేం రెండోవే వేస్తున్నాం, అరిగినా రోలర్ మార్చుకోవడం ఫ్లోర్ బాగుచేయించడం కన్నా చవక. ఇంకోటి, రెండు వైపులా పలకలుండే పాలెట్లతో జాగ్రత్త. ఫోర్కు లేపినప్పుడు రోలర్ కింది పలక మీదికి దిగితే ఆ పలక విరగడం ఖాయం.

ర్యాంపుల మీద దీన్ని నమ్ముకోవద్దు. లోడుతో ఐదారు శాతం వాలు ఎక్కుతుందని కాగితం మీద ఉంటుంది. టాటా ఏస్ లాంటి చిన్న బండి డాక్‌కి వచ్చి, డాక్‌నీ దాన్నీ కలిపే ప్లేటు కిందికి వాలిందంటే ఆ లెక్క దాటిపోతుంది, పైగా మా పాలెట్ ట్రక్ కడుపు నేలకి తగిలి ఇరుక్కుంటుంది. అక్కడ హమాలీలే దిక్కు. నిజానికి పెద్ద లారీల్లో కూడా మాకు సరుకు పాలెట్ల మీద రాదు, కార్టన్లు అడుగు నుంచి పైదాకా పేర్చి వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా దించి పాలెట్ మీద పేర్చేది మనుషులే. బండి రెండు నిమిషాల్లో తిరిగొచ్చి డాక్ దగ్గర ఖాళీగా నిలబడుతుంది. కాబట్టి లారీ ఖాళీ చేసే టైమ్ సగానికి తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, మాకు తగ్గింది కొద్దిగానే.

మా ఓనరు గారు రోబోల వీడియోలు చూసి అవే తెప్పిద్దామన్నారు. 2012లో అమెజాన్ 77.5 కోట్ల డాలర్లకు కొన్న కివా సిస్టమ్స్‌వి గానీ, మన దేశంలో పుట్టిన గ్రేఆరెంజ్‌వి గానీ, అవి అల్మారాను ఎత్తి మనిషి దగ్గరికి తెస్తాయి. ఒక్కో ఆర్డర్‌కి ఒక సబ్బు, ఒక ఛార్జర్ ఏరుకునే ఆన్‌లైన్ గోడౌన్లకి అది సరిపోయే పని. మాది కేసులకి కేసులే బయటికి పోయే సరుకు, ఏరుకోవడానికేముంది? వివరంగా చెప్పాక ఆయన ఆ ఊసు మానేశారు.

ఇప్పుడు రెండో బండి తీసుకుంటున్నాం. ఈసారి కొటేషన్‌లో అడిగినవి: విడి బ్యాటరీ ఒకటి, ఫ్లోర్ జాయింట్ల మీద కుదుపు తగ్గే జంట రోలర్లు, చార్జర్‌కి విడిగా వారంటీ, హైదరాబాద్‌లోనే స్పేర్ పార్టులు ఉన్నట్టు రాతపూర్వకంగా హామీ. చివరిది ఇవ్వని వాళ్లతో ధర మాట్లాడటం లేదు. పాత హైడ్రాలిక్ ట్రాలీలు మాత్రం అమ్మడం లేదు, లారీ లోపలికి అవే వెళ్తాయి.