మా అమ్మాయి మొదటి కుట్టు మిషన్: నాలుగేళ్ళు వాడాక

మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు, 2021 వేసవిలో, ఆన్‌లైన్‌లో గులాబీ రంగు చిన్న మిషన్ ఒకటి కొన్నాం. 1,400 రూపాయలు. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, అడాప్టరు కూడా ఇచ్చారు, కాలితో నొక్కడానికి బుల్లి పెడల్ ఉంది. పిల్ల సైజుకి తగ్గట్టు ఉంది కదా అనుకున్నాం. అక్కడే పొరపాటు పడ్డాం.

ఆ పెడల్ పేరుకే పెడల్, పనికి స్విచ్చు. పెద్ద కరెంటు మిషన్లలో మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే వేగంగా కుడుతుంది. దీనికి ఆ తేడా లేదు. కాలు పెట్టగానే పరుగు, తీయగానే ఆగడం. గుడ్డ సర్దుకునే వ్యవధి పిల్లకి దొరకదు. మూడో రోజే సూది దాని చూపుడువేలి గోరును గీరింది. రక్తం రాలేదు గానీ వారం దాకా ఆ ఛాయలకి వెళ్ళలేదు. పలచటి గుడ్డ రెండు పొరలు దాటితే మొరాయించేది. కుట్టు పొడవు మార్చే వీలు లేదు, వెనక్కి కుట్టే వీలు లేదు. అడుగున దారం ఉండలు కట్టినప్పుడల్లా తనకే చేతకావట్లేదని ఏడ్చేది. నాకు అన్నిటికంటే అదే బాధగా ఉండేది. తప్పు మిషన్‌ది, నింద పిల్ల తన మీద వేసుకుంది.

దసరాకి ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య చూసి, "ఆ బొమ్మ తీసి పక్కన పెట్టమ్మా, చేతి మిషన్ తెప్పించు. మేమంతా దాని మీదే నేర్చుకున్నాం" అన్నారు. తెనాలిలో మిషన్లు బాగుచేసే ఆయన దగ్గర పాతది 3,000కి దొరికింది. నల్లటి ఇనుప తల, చెక్క అడుగు, కుడివైపు చక్రానికి బిగించిన పిడి. మొదట రెండు పొరల గుడ్డ మీద, తర్వాత నాలుగు పొరల మీద కుట్టి చూపించాడు. పైనా కిందా కుట్టు ఒకేలా పడింది. చక్రం ఎక్కడా పట్టేయకుండా తిరిగింది. పాతది కొనేవాళ్ళు ఈ రెండూ కళ్ళారా చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు.

దీని గొప్పతనమంతా ఆ పిడిలో ఉంది. ఎంత తిప్పితే అంతే కుట్టు. ఆపితే ఆ కుట్టు దగ్గరే ఆగిపోతుంది. మూల వచ్చినప్పుడు సూదిని గుడ్డలోనే దించి ఉంచి, పాదం (గుడ్డని పైనుంచి అదిమి పట్టే ఇనుప ముక్క) ఎత్తి, గుడ్డ తిప్పి, మళ్ళీ పాదం దించి కుట్టాలి. ఆ బొమ్మ మిషన్ మీద రెండు నెలలైనా రాని ఈ పని, దీని మీద రెండో వారానికి పట్టుబడింది. చాప మీద కూర్చుని, మిషన్‌ని పీట మీద పెట్టుకుని, ఒక్కో కుట్టూ చూసుకుంటూ కుట్టేది.

మొదటి పది రోజులు దారమే ఎక్కించలేదు. రూళ్ళ నోటుపుస్తకం కాగితం పెట్టి, గీత మీదే రంధ్రాలు పడేలా తిప్పించారు అత్తయ్య. కాగితానికి వాడిన సూది మొద్దుబారుతుంది కాబట్టి గుడ్డకి వేరే సూది. తర్వాత పాత లుంగీ ముక్కలు, దిండు గలీబులు. జారిపోయే క్రేప్, షిఫాన్ మొదటి ఏడాది దాని చేతికి ఇవ్వలేదు. సొంతంగా కుట్టుకున్న మొదటి గౌను మంగళగిరి నూలు గుడ్డది. ఆ గుడ్డ కుట్టేవాళ్ళ మాట వింటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. కుడిచెయ్యి పిడి మీదే ఉంటుంది కాబట్టి గుడ్డని ఎడమచేత్తోనే నడపాలి. పొడవు కుట్లు వంకరపోయేవి. రెండు నెలలపాటు నేను పక్కన కూర్చుని వెనక నుంచి గుడ్డ అందుకునేదాన్ని. అందుకోవాలే గాని లాగకూడదు. గుడ్డని జరిపే పని సూది కింద ఉన్న ఇనుప పళ్ళది. మనం లాగితే సూది వంగుతుంది. బరువు పది కిలోల పైమాటే, పిల్లలు ఎత్తకూడదు. జిగ్‌జాగ్, అంటే అంచులకి వేసే వంకరటింకర కుట్టు, లేదు. అంచులు పీచు లేవకుండా, ముందు మంచివైపు సన్నగా కుట్టి, తిరగేసి, ఆ అంచు లోపల మూసుకుపోయేలా ఇంకో కుట్టు వేయడం నేర్పాం. పని ఎక్కువే, కానీ లోపలి వైపు చూస్తే ముచ్చటేస్తుంది.

గుడ్డ అడుగున దారం ఉచ్చులు పడితే అందరం ముందు టెన్షన్ మర, అంటే పై దారం బిగువు మార్చే మర, తిప్పేస్తాం. మా ఇంట్లో చాలాసార్లు తప్పు అక్కడ లేదు. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే అది టెన్షన్ రేకుల మధ్య సరిగా కూర్చోదు. పాదం ఎత్తి మళ్ళీ ఎక్కిస్తే సరిపోయేది. అది కాకపోతే సూది పైభాగంలో ఉండే చదును వైపు తిరగబడి ఉండేది, లేదా షటిల్‌లో (కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే చోట) పీచు పేరుకుని ఉండేది. ఇప్పుడు ఇవన్నీ అమ్మాయే వరసగా చూసుకుంటుంది, నన్ను పిలవదు. ఇంకో మాట: కొబ్బరినూనె వేయకండి. ఒక డిసెంబరులో మావారు తెలియక వేశారు. అది లోపల గడ్డకట్టి చక్రం కదలనంత బిగుసుకుపోయింది. మెకానిక్ కిరసనాయిల్‌తో కడిగితే గానీ తేరుకోలేదు. మిషన్ ఆయిలే వేయాలి, వేశాక పనికిరాని గుడ్డ మీద కాసేపు కుట్టాలి.

పోయిన ఏడాది కాళ్ళు అందుతున్నాయని తొక్కుడు స్టాండు కొన్నాం. పిడి విప్పి, అదే తలని దాని మీద బిగించి బెల్టు వేశారు. రెండు చేతులూ గుడ్డ మీదకి వచ్చాక కుట్టు తీరే మారిపోయింది. చక్రం వెనక్కి తిరిగిపోకుండా తొక్కడం అలవాటు కావడానికి మాత్రం వారం పట్టింది.

ఐదారేళ్ళ పిల్లలకి ఇది కూడా వద్దు, చేతిసూదీ బొత్తాలూ చాలు. పదమూడు దాటాక మొదలుపెట్టేవాళ్ళకి వేగం మన కాలి అదుపులో ఉండే మామూలు కరెంటు మిషన్ మంచిదే. ఉషా, సింగర్ వాటికి సూదులూ బాబిన్లూ మా ఊళ్ళోనే దొరుకుతాయి. ఎనిమిది నుంచి పన్నెండు మధ్య పిల్లలకైతే నేను చేతి మిషనే కొంటాను.

పోయిన నెల అమ్మాయి వాళ్ళ నానమ్మకి జాకెట్టు కుట్టింది. కుడి చెయ్యి ఎడమకి, ఎడమ చెయ్యి కుడికి పడ్డాయి. ఏడవలేదు. బ్లేడు తీసుకుని ఒక్కో కుట్టూ విప్పింది. మర్నాడు బడి నుంచి రాగానే మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది.