ఎండకూ చలికీ కట్టిన ఫ్లాటు: కొన్నేళ్ల కాపురం తర్వాత

మండే వేసవి, ముసురు పట్టే వానాకాలం, వణికించే చలి. మూడూ గట్టిగానే ఉండే చోట, ఏ కాలంలోనైనా తక్కువ కరెంటుతో నడిచేలా కట్టామని చెప్పి అమ్మిన ఫ్లాటు ఇది. కొన్నేళ్లు ఉన్నాక నా మాట: బ్రోషర్‌లో ఊదరగొట్టిన యంత్రాలకన్నా, అందులో ప్రస్తావనైనా లేని చజ్జాలే (కిటికీల పైన నీడకోసం ముందుకు చాచిన పలకలే) ఎక్కువ కరెంటు మిగిల్చాయి.

భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, దక్షిణపు కిటికీ మొత్తం చజ్జా నీడలోనే ఉంటుంది. చలికాలంలో అదే సూర్యుడు కిందికి వాలతాడు. ఎండ చజ్జా కిందుగా దూరి గదిలో ఎదుటి గోడదాకా పాకుతుంది. పగలు హీటరు జోలికే వెళ్లం. దీనికి మోటారు లేదు, మరమ్మతు లేదు.

పడమటి గదిలో ఈ కిటుకు పారదు. సాయంత్రపు ఎండ కిటికీకి ఎదురుగా వచ్చి కొడుతుంది. బిల్డరు అక్కడ రెండు పొరల అద్దం బిగించి చేతులు దులుపుకున్నాడు. చలికాలంలో లోపలి వెచ్చదనాన్ని నిలపడంలో ఆ అద్దం దిట్టే. ఎండను ఆపాలంటే మాత్రం అద్దానికి తగిన పూత ఉండాలి, లేదా బయట అడ్డు ఉండాలి. లోపల ఎంత మందపాటి తెర కట్టినా వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టే. చివరికి మా ఖర్చుతో బయట రెక్కల షట్టర్లు పెట్టించుకున్నాం. ఆ గదిలో ఏసీ రాత్రంతా తిరగడం అప్పటితో తగ్గింది.

గోడలకు ఉష్ణ నిరోధక పొరను బయటి వైపు వేశారు, అది మంచి పని. లోపలి బరువైన గోడలు రాత్రి కిటికీలు తీస్తే చల్లబడి, మర్నాడు చాలాసేపు గదిని కాపాడతాయి. కానీ ఇది రాత్రిళ్లు చల్లబడే పొడి కాలం మాట. ముసురులో కిటికీ తీస్తే లోపలికొచ్చేది చెమ్మే. అప్పుడు ఫ్యాను, ఏసీలోని తేమ తగ్గించే అమరికే గతి.

అసలు లోపం బాల్కనీ దగ్గర ఉంది. గది స్లాబునే తెగకుండా బయటికి సాగదీసి బాల్కనీ చేశారు. చలికాలంలో ఆ కాంక్రీటు గుండా వేడి బయటికి పోతూ ఉంటుంది. అలా చల్లబడిన చోట గదిలోని చెమ్మ చేరి, తెల్లవారేసరికి తలుపు పైన, సీలింగు అంచున వరసగా నీటి బొట్లు. కొన్నాళ్లకు అక్కడే నల్లటి బూజు. పొరుగువారు ఏటా రంగు పూయిస్తున్నారు, బూజు ఏటా తిరిగి వస్తోంది. స్లాబు పోసేటప్పుడే గదికీ బాల్కనీకీ మధ్య ఉష్ణ నిరోధక ముక్క పెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. కొనేవారు ముందుగా అడగాల్సింది ఇదే. గాలి లీకుల పరీక్ష చేశారా అనీ అడగండి. అతి తక్కువ కరెంటుతో నడిచే ఇళ్లకు పెట్టిన పాసివ్ హౌస్ ప్రమాణంలో, లోపలికీ బయటికీ 50 పాస్కళ్ల పీడన తేడా పెట్టి చూస్తే, గంటలో లీకయ్యే గాలి ఇంట్లో పట్టే గాలికి 0.6 రెట్లు మించకూడదు. మా భవనానికి అసలు పరీక్షే జరగలేదు.

కిటికీలు మూసి ఉన్నా తాజా గాలి అందించే వెంటిలేషన్ యంత్రం బాగానే ఉంది, ఫిల్టరు శుభ్రం చేసినన్నాళ్లూ.

ఒకే భవనమైనా అన్ని ఫ్లాట్లకూ ఒకే ఫలితం ఉండదు. మధ్య అంతస్తులో ఉన్న మాకు పైనా కిందా ఇళ్లే రక్ష. పై అంతస్తువారికి ఎండంతా నెత్తిమీదే. టెర్రస్‌కు వేసిన తెల్లపూత దుమ్ము పట్టి మసకబారింది, కడిగిస్తేనే మళ్లీ ఎండను తిప్పికొడుతుంది. ఆ ఖర్చు అందరూ పంచుకోవాలా, పై అంతస్తువారే పెట్టుకోవాలా అన్నది సంఘంలో ఇంకా తేలలేదు.