కీవినా రాగి కోసం వెళ్లేవాళ్లకు

అమెరికాలోని మిషిగన్‌లో సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవినా ద్వీపకల్పంలో రాగి లోహంగానే రాళ్లలో దొరుకుతుంది. నమూనాలు కొనే ఉద్దేశం ఉంటే మొదటి రోజు హోటన్‌లోని ఏ.ఇ. సీమన్ మినరల్ మ్యూజియానికే ఇవ్వండి. కాల్సైట్ అనే ఖనిజపు స్ఫటికంలో చిక్కుకున్న రాగి, రాగీ వెండీ కలిసిన ముక్కలు అక్కడ చూశాక అంగట్లో కన్ను మోసపోదు. సరస్సు అడుగు నుంచి తీసిన 19 టన్నుల రాగి పలక కూడా అక్కడే ఉంది.

హ్యాంకాక్‌లోని క్విన్సీ గని చూడాల్సిందే. లోపల 6 డిగ్రీల సెల్సియస్ చలి, నడివేసవిలోనూ స్వెటర్ కావాలి. నమూనాలు ఏరుకోవడానికి మాత్రం అది చోటు కాదు. పాత గనుల బయట పారబోసిన రాళ్ల గుట్టలకు యజమాని అనుమతి తీసుకుని వెళ్లాలి. రాష్ట్ర ప్రభుత్వ భూముల్లో ఏరుకునే రాళ్ల బరువు ఏడాదికి 25 పౌండ్లు దాటకూడదు. మెటల్ డిటెక్టర్ లేకుండా వెళ్తే రోజంతా వృథా: పైన నల్లటి బసాల్టే (లావా గడ్డకట్టిన రాయి) కనిపిస్తుంది, రాగి లోపల ఉంటుంది. పరిమాణానికి మించి బరువున్న రాయిని పక్కన పెట్టి, ఒక మూల ఆకురాయితో గీయండి. ఎర్రగా మెరిస్తే రాగే. సుత్తితో గట్టిగా కొట్టకండి, రాగి పగలదు, వంగిపోయి ఆకారం పోతుంది.

కొనేటప్పుడు అసలు ప్రశ్న ఒకటే: ఆమ్లంలో ముంచారా? హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాల్సైట్‌ను కరిగించి రాగిని గులాబీ రంగులో మెరిపిస్తుంది. చూపుకి బాగుంటుంది గానీ, రాగి పొదిగిన కాల్సైట్‌కి అది తీరని నష్టం. అంచులు గుండ్రంగా, బొట్లుబొట్లుగా, బుడగలతో ఉంటే అది కొలిమిలో కరిగి ఒలికిన రాగి. సహజమైనదానికి కోణాలున్న స్ఫటికాలో, పక్కరాతి అచ్చో ఉంటుంది.

బసకు హోటన్-హ్యాంకాక్ మేలు. మ్యూజియం, క్విన్సీ గని రెండూ దగ్గరే. కాపర్ హార్బర్ ఎంతో అందమైన ఊరే, కానీ ద్వీపకల్పం చివర ఉంది, రోజూ వెళ్లిరావడం దూరాభారం. చలికాలంలో మంచు విపరీతం, గుట్టలన్నీ కప్పబడిపోతాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకే ఏరుకోవడానికి వీలు.

తిరుగు ప్రయాణంలో ప్రతి ముక్కనూ విడిగా చుట్టండి. రాగి వంగి ఊరుకుంటుంది, దాని పక్కనున్న కాల్సైట్ విరిగిపోతుంది.