మధుమేహులకు రెటీనా పరీక్ష: నేను వెళ్లిన కంటి వైద్యశాలపై సమీక్ష

నాకు టైప్ 2 మధుమేహం బయటపడి తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడేళ్లూ కళ్లద్దాలు మార్చుకోవడానికి వెళ్లే చోటనే నమ్ముకున్నాను. అక్కడివారు అక్షరాల పట్టిక చదివించి, చూపు బాగుందని చెప్పి పంపించేవారు. నాకు షుగరు ఉన్న సంగతి తెలిసి కూడా, కంటిపాపను పెద్దది చేసి, కంటి వెనక ఉండే రెటీనా పొరను చూడాలన్న మాట ఒక్కసారైనా అనలేదు. నిజానికి టైప్ 2 అని తేలిన వెంటనే ఆ పరీక్ష జరగాలి, టైప్ 1 అయితే అయిదేళ్లలోపు మొదలు కావాలి. ఈ బాధ మనసులో ఉండడం వల్లనే, ఇటీవల రెండోసారి వెళ్లివచ్చిన ఈ వైద్యశాల గురించి వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ మొదట అడిగినవి వ్యాధి వచ్చిన సంవత్సరం, రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే చివరి హెచ్‌బీఏ1సీ, రక్తపోటు. పట్టిక మీద ఎప్పటిలాగే 6/6, అంటే మామూలు చూపే, వచ్చింది. తర్వాత కళ్లలో చుక్కల మందు వేశారు. కాస్త చురుక్కుమంది. అరగంటకల్లా చేతిలోని కాగితం మీది అక్షరాలు అలుక్కుపోయాయి. డాక్టరు గారు తలకు దీపం తగిలించుకుని, చేతిలో కటకం పట్టుకుని, నన్ను పైకీ కిందికీ పక్కలకూ చూడమంటూ రెండు కళ్లనూ అంచుల దాకా పరిశీలించారు. ఆ తర్వాత రెటీనా ఫొటోను తెర మీద పెట్టి చూపించారు. నారింజ రంగు నేల మీద సూదిమొనతో పొడిచినట్టు కొన్ని ఎర్రటి చుక్కలు ఉన్నాయి.

"ఇవి చక్కెర ఎక్కువై సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడి ఉబ్బిన చోట్లు. చూపుకు కేంద్రమైన మాక్యులాకు దూరంగా ఉన్నాయి కాబట్టి మీకేమీ తెలియలేదు" అన్నారు. నొప్పి లేకుండా, చూపు తగ్గకుండా మొదలయ్యే జబ్బును అక్షరాల పట్టిక ఎలా పట్టుకుంటుంది? నిరుటి ఫొటోను పక్కనే పెట్టి, కొత్త చుక్కలు లేవని ఆవిడ ఒక్కొక్కటిగా పోల్చి చూపించిన ఆ పది నిమిషాల కోసమైనా ఈ చోటికి వెళ్లవచ్చని నా అభిప్రాయం. ఇప్పుడు లేజరు గానీ ఇంజెక్షను గానీ అక్కర్లేదని, చక్కెరనూ రక్తపోటునూ అదుపులో పెట్టుకోవడమే ప్రస్తుతానికి చికిత్స అని చెప్పారు. ఆ నెలలో నా షుగరు బాగా ఎగుడుదిగుడుగా ఉందని తెలుసుకుని, అది నిలకడకు వచ్చేదాకా కొత్త అద్దాలు చేయించుకోవద్దన్నారు. చక్కెర మారితే కంటి పవరూ మారుతుందట. అద్దాలు అమ్ముకునే వీలుండి కూడా వద్దన్నందుకు వారి మీద గౌరవం పెరిగింది.

లోపాలూ ఉన్నాయి. చుక్కల ప్రభావం కొన్ని గంటలు ఉంటుందని, బండి నడపకూడదని, తోడు ఎవరినైనా తెచ్చుకోవాలని ముందుగా ఫోనులో చెప్పలేదు. కంటిపాప విచ్చుకున్నవారిని కళ్లు జిగేలుమనే దీపాల కింద కూర్చోబెట్టడం కూడా సరికాదు. నివేదికంతా పొడి అక్షరాలతో నింపారు. షుగరు డాక్టరుకు చూపించాలని నేను అడిగిన తర్వాతే 'తొలి దశ రెటినోపతీ, రెండు కళ్లు' అని, అంటే చక్కెర వల్ల రెటీనాకు వచ్చే జబ్బు తొలి దశలో ఉందని, విడమరిచి రాశారు.

మళ్లీ ఏడాదికి రమ్మన్నారు. ఈలోగా కళ్ల ముందు నల్లటి పోగులు తేలినా, తెర కప్పినట్టు అనిపించినా, గీతలు వంకరగా కనిపించినా ఆ రోజే రావాలని కార్డు వెనక చేత్తో రాసిచ్చారు.