1700 మిల్లీమీటర్ల మస్టాంగ్: ఎడమ బొటనవేలికి పని చెప్పే విమానం

రిమోట్‌తో ఎగిరే ఈ పెద్ద ఫోమ్ మస్టాంగ్ నమూనా విమానం కొనవచ్చా అని అడిగేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: విమానాన్ని లేపేటప్పుడు రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) వాడే అలవాటు మీకుందా? ఉంటే నిశ్చింతగా కొనుక్కోండి. మలుపులన్నీ విమానాన్ని పక్కకు వాల్చే రెక్క పలకలతోనే, అంటే ఐలెరాన్లతోనే తిప్పేస్తూ, రిమోట్‌లో ఎడమ స్టిక్ ఉన్నది థ్రాటిల్ (మోటారు బలం పెంచే మీట) కోసమే అనుకునేవాళ్లయితే ఇంకొంతకాలం చిన్న విమానాలతో చేయి తిప్పుకుని రండి. గాలిలో ఇది చాలా మంచి విమానం. నేల మీద నడిచే ఆ కొద్ది సెకన్లలోనే మీ నేర్పూ, మీ డబ్బూ పరీక్షకు నిలబడతాయి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ యుద్ధ విమానం పి-51డి మస్టాంగ్‌కు ఇది ఫోమ్ నమూనా. రెక్క కొస నుంచి కొసకు 1,700 మిల్లీమీటర్లు. అసలు విమానానికి 37 అడుగులు, అంటే 11.28 మీటర్లు కాబట్టి దానిలో ఆరున్నరో వంతు కంటే కాస్త చిన్నది. పొడవు దాదాపు మీటరున్నర. ఆరు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, ముందు నాలుగు ఆకుల ప్రొపెల్లర్, మోటార్లతో ముడుచుకునే చక్రాలు, తక్కువ వేగంలో రెక్కకు ఎత్తే బలం పెంచే ఫ్లాపులు, రెక్కల కొసల్లో దీపాలు. బ్యాటరీ పెట్టి తూస్తే నాలుగు కిలోలు దాటుతుంది. ఈ సైజులో ఇలాంటి నమూనాలు చేసే కంపెనీలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. నా దగ్గరున్నది ఎవరిదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. నేను చెప్పబోయే వాటిలో చాలా భాగం ఈ సైజుకూ, ఈ ఆకారానికీ సంబంధించినవి.

డాలస్ చుట్టుపక్కల ఉండే మాకు ఈ విమానం మీద ఇంకాస్త మమకారం. నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థ కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌తో పాటు ఇక్కడి గ్రాండ్ ప్రెయిరీలోనూ మస్టాంగ్‌లు కట్టింది. పి-51కె రకమైతే పూర్తిగా ఈ డాలస్ కర్మాగారానిదే. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో కాపురాలు పెట్టుకున్న ఇర్వింగ్‌కు కూతవేటు దూరంలో ఒకప్పుడు ఈ విమానాలు వరుసగా బయటికొచ్చేవంటే, మా పొలం లాంటి మైదానంలో దాని చిన్న రూపాన్ని ఎగరేస్తున్నప్పుడు నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

రూపం గురించి. బుడగలాంటి కాక్‌పిట్ మూత, దాని వెనక తోక నిలువు రెక్కకు ముందుగా సాగిన చిన్న వీపు రెక్క, కడుపు కింద రేడియేటర్ నోరు. ఈ మూడూ సరిగా కుదిరితే మస్టాంగ్ కుదిరినట్లే. వీటిలో ఆ వీపు రెక్క అలంకారానికి పెట్టింది కాదు. పైలట్‌కు చుట్టూ కనిపించేలా వెనక భాగాన్ని కోసి బుడగ మూత పెట్టాక విమానం పక్కలకు తిరిగే స్వభావం పెరిగింది. దాన్ని అదుపు చేయడానికి తరవాత చేర్చారు. నమూనాలో ముక్కు గీత, మూత వంపు బాగా వచ్చాయి. రేడియేటర్ నోరు మాత్రం ఉండవలసినంత లోతుగా లేదు. రేకుల అతుకుల్ని చూపించే గాడులు మరీ లోతుగా ఉన్నాయి. ఈ కొలతకు కుదిస్తే అవి కనీకనిపించకుండా ఉండాలి. వెండి రంగు దగ్గర్నుంచి చూస్తే రంగులాగే ఉంది, అల్యూమినియంలా లేదు. యాభై అడుగుల దూరంలో ఎగురుతున్నప్పుడు ఇవేవీ కంటికి ఆనవు కాబట్టి వీటికి నేను మార్కులు తగ్గించను.

నాకు బాగా నచ్చింది చక్రాల తలుపుల ఏర్పాటు. స్విచ్ నొక్కగానే లోపలి తలుపులు తెరుచుకుంటాయి, చక్రాలు దిగుతాయి, తలుపులు మళ్లీ మూసుకుంటాయి. అసలు విమానం ఇంజను ఆపి నిలబెట్టాక హైడ్రాలిక్ ఒత్తిడి తగ్గి ఆ లోపలి తలుపులు నెమ్మదిగా కిందికి వేలాడతాయి. మ్యూజియంలలోనూ, వైమానిక ప్రదర్శనల్లోనూ నిలబడి ఉన్న మస్టాంగ్‌లను చూసినవాళ్లకు ఆ వేలాడే తలుపులు గుర్తుండే ఉంటాయి. నమూనాలోనూ అలా దించి ఉంచేలా సర్దుకోవచ్చు. నేను అలాగే ఉంచుతాను. గడ్డి మైదానమైతే మాత్రం ఆ తలుపుల కీళ్ల దగ్గర గడ్డిపరకలు ఇరుక్కుంటాయి. మా అమ్మాయి పక్కన నిలబడి, “నాన్నా, కుడి తలుపు ఇంకా మూసుకోలేదు” అని చెప్పడం మా ఇంట్లో మామూలైపోయింది. ఎగరేసిన ప్రతిసారీ చిన్న కుంచెతో ఆ సందులు దులపండి.

బిగింపు పెద్ద పనేమీ కాదు. ఒక సాయంత్రం చాలు. రెండు రెక్కలూ ఒక గొట్టం మీదికి ఎక్కి, మరలతో శరీరానికి బిగుసుకుంటాయి. సర్వోల (పలకల్ని కదిపే చిన్న మోటార్ల) తీగలన్నీ రెక్క మొదట్లో ఒకే ప్లగ్‌లో కలుస్తాయి కాబట్టి మైదానంలో ఏది ఎక్కడ గుచ్చాలో వెతుక్కోనక్కర్లేదు. తొందరపడకూడని చోటు ఒకటుంది: చక్రపు కాడ. ముడుచుకునే యంత్రంలోని ఇనుప పిన్ను మీద కాడను పట్టి ఉంచేది ఒక చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని మర). గుండ్రటి పిన్ను మీద అది ఎంత బిగించినా దిగినప్పుడల్లా కొంచెం కొంచెం తిరుగుతుంది. చక్రం వంకర పోతుంది. వంకర పోయిన చక్రం దాని గూటిలోకి సరిగా వెళ్లక రెక్కకు తగులుకుంటుంది; మోటారు ఆగిపోతుంది. నా చేతికొచ్చిన విమానంలో ఆ స్క్రూలకు అవి వదులవకుండా పట్టి ఉంచే మర జిగురు కూడా పెట్టలేదు. కాడను ఊడదీసి, పిన్ను మీద స్క్రూ ఆనే చోట ఆకురాయితో చిన్న చదును చేసి, నీలం రంగు మర జిగురు ఒక చుక్క వేసి బిగించండి. రెండు చక్రాలకూ కలిపి అరగంట పని. ఇది చేయకుండా ఎగరేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

సర్వోలకు విద్యుత్తు ఇచ్చే ఏర్పాటు కూడా ఒకసారి చూసుకోండి. ఐలెరాన్లు, ఫ్లాపులు, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), రడ్డర్, తలుపులు, చక్రాలు అన్నీ ఒకేసారి కదిలే క్షణం ఒకటి వస్తుంది, అది సరిగ్గా దిగే ముందే. మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్‌లో ఉన్న సరఫరా మీదే అంత బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. విడిగా ఒక సరఫరా యూనిట్ పెట్టాను. ఖర్చు కొద్దిగానే, బరువూ కొద్దిగానే.

గురుత్వ కేంద్రాన్ని, అంటే విమానం బరువు సమంగా తూగే చోటును, పుస్తకంలో చెప్పిన గుర్తుకు కొంచెం ముందుగా ఉంచి మొదలుపెట్టండి. మస్టాంగ్ చక్రాలు లోపలికి, పక్కగా ముడుచుకుంటాయి కాబట్టి ముడిచినా దించినా ఆ కేంద్రం పెద్దగా మారదు. కోర్సేర్, పి-40 వంటి యుద్ధ విమానాలు చక్రాల్ని వెనక్కి ముడుస్తాయి; వాటితో ఈ సౌకర్యం లేదు.

ఇక లేవడం. నాలుగు ఆకుల పెద్ద ప్రొపెల్లర్ కాక్‌పిట్‌లోంచి చూస్తే కుడివైపుగా తిరుగుతుంది. థ్రాటిల్ తోసిన మరుక్షణం విమానం ముక్కు ఎడమకు లాగుతుంది. తోక పైకి లేస్తున్నప్పుడు ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే తిరుగుతున్న ప్రొపెల్లర్‌ను ముందుకు వంచితే అది పక్కకు తోస్తుంది. కాబట్టి థ్రాటిల్‌ను మూడు నాలుగు సెకన్ల పాటు నిదానంగా పెంచాలి. కుడి రడ్డర్ ముందే కొంచెం పట్టి ఉంచాలి. తోక లేచేటప్పుడు ఇంకొంచెం కలపాలి. మొదట్లో ఎలివేటర్ వెనక్కి లాగి ఉంచితే తోక చక్రం నేలను పట్టుకుని దారి చూపిస్తుంది. ఫ్లాపులు సగం దించితే తొందరగా లేస్తుంది, కానీ ఎదురుగాలి బాగా ఉన్న రోజు నేను ఫ్లాపులు లేకుండానే లేపుతాను. తొందరపడి పూర్తి థ్రాటిల్ కొట్టి, ఎడమకు పోతున్న విమానాన్ని ఐలెరాన్‌తో సరిచేయబోతే ఎడమ రెక్క ముందుగా ఎత్తే బలం కోల్పోతుంది; దాన్నే స్టాల్ అంటారు. ఆ తరవాత విమానం వీపు మీద పడటం తప్ప వేరే దారి లేదు.

గాలిలో మాత్రం మనసు నిండిపోతుంది. మీటరు రెక్కల మస్టాంగ్‌లు తేనెటీగల్లా పరుగెడతాయి. ఇది అలా కాదు. బరువుందనిపిస్తుంది, తొందర లేదనిపిస్తుంది. థ్రాటిల్ సగానికి కొంచెం పైన ఉంచి తక్కువ ఎత్తులో రన్‌వే పక్కగా లాగితే, నాలుగు ఆకులు గాలిని కోసే చప్పుడు ముందు వచ్చి, విమానం దాని వెంట వస్తున్నట్లుంటుంది. పెద్ద లూపు (గాలిలో నిలువు చుట్టు) వేసినా పైన వేగం పడిపోదు. విమానాన్ని దాని పొడవు చుట్టూ నిదానంగా తిప్పే రోల్‌లో మధ్యలో కొంచెం రడ్డర్, కొంచెం ముందుకు ఎలివేటర్ ఇస్తే గీత గీసినట్లు వెళుతుంది. పూర్తి థ్రాటిల్ మీద నా మీటరు 80 ఆంపియర్ల దగ్గర ఆగింది. ఈ బరువుకు అది ధారాళంగా సరిపోయే బలం. నిటారుగా పైకి లాగుతూ గొప్పలకు పోవాలనుకుంటే కూడా కాదనదు, కానీ మస్టాంగ్‌ను మస్టాంగ్‌లా ఎగరేయడంలోనే దీని అందం ఉంది.

స్టాల్ ఎలా ఉంటుందో తప్పకుండా ఎత్తులోకి తీసుకెళ్లి చూసుకోండి. తిన్నగా వెళుతూ వేగం తగ్గిస్తే ముక్కు మర్యాదగా దించుతుంది. నెమ్మదిగా వెళుతూ ఇరుకుగా మలుపు తిప్పి ఎలివేటర్ లాగితే మాత్రం లోపలి రెక్క హఠాత్తుగా పడుతుంది. రన్‌వేకు తిరిగే ఆఖరి మలుపులో చాలామంది చేసేది సరిగ్గా అదే. ఆ మలుపు వెడల్పుగా, ముక్కు కొంచెం దించి తిరగాలి.

దిగడం గురించి ఎక్కువగా రాస్తున్నానంటే కారణం ఉంది. ఫ్లాపులు పూర్తిగా దించగానే ముక్కు పైకి లేస్తుంది. దానికి సరిపడా ఎలివేటర్ తనంతట తానే కదిలేలా మిక్స్‌ను ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోట్‌లో) ముందే పెట్టుకుని, ఫ్లాపులు రెండు మూడు సెకన్లలో నెమ్మదిగా దిగేలా చేసుకోవాలి. థ్రాటిల్‌ను సున్నాకు తీసుకురావద్దు. ఈ పెద్ద ప్రొపెల్లర్‌కు బలం అందకపోతే అదే బ్రేకులా పనిచేసి విమానాన్ని గబుక్కున కిందికి లాగుతుంది. పావు థ్రాటిల్ పట్టుకుని, ముందు చక్రాలు రెండూ రన్‌వేను ఆనేదాకా వదలకుండా, ఆనాక నెమ్మదిగా తగ్గించి, తోక తనంతట తాను దిగాక ఎలివేటర్ వెనక్కి లాగాలి. తోకచక్రంతో సహా మూడూ ఒకేసారి ఆనించాలని చూస్తే గెంతుతుంది. ప్రతి గెంతూ కాడల మీదే పడుతుంది. ఒక్క విషయంలో మస్టాంగ్ మనకు అనుకూలం: అసలు విమానంలో చక్రాల మధ్య దూరం దాదాపు 12 అడుగులు. అదే కాలపు యుద్ధ విమానాలు స్పిట్‌ఫైర్, మెసర్‌ష్మిట్ 109లకు ఆ దూరం చాలా తక్కువ. అందుకే పక్కగాలిలో ఈ నమూనా రెక్క కొస నేలకు రాసుకోవడం అరుదు. గడ్డి ఎత్తుగా ఉంటే ముక్కు మీద పడుతుంది, దానికి మాత్రం మందు లేదు. గడ్డి కోసిన రోజున ఎగరేయండి.

బ్యాటరీ 5,000 మిల్లీ ఆంపియర్ అవర్‌ది వాడుతున్నాను. హాయిగా ఆరు నిమిషాలు. దిగాక ఒక్కో సెల్‌లో 3.75 వోల్టుల దాకా మిగలాలి. ఒకసారి దిగడం కుదరక మళ్లీ చుట్టు తిరిగి రావలసి వస్తే ఆ మిగులే కాపాడుతుంది. టెక్సస్ ఎండలో విమానాన్ని కారులో వదలొద్దు. ముదురు రంగు వేసిన చోట ఫోమ్ బొబ్బలెక్కుతుంది, స్టిక్కర్ల అంచులు లేస్తాయి. చిన్న నొక్కులైతే మరిగే నీళ్లలో ముంచిన గుడ్డను ఆనిస్తే చాలావరకు పైకొస్తాయి.

ఇక్కడ అమెరికాలో 250 గ్రాములు దాటిన మోడల్‌ను ఎగరేయాలంటే ఎఫ్‌ఏఏ (అక్కడి పౌర విమానయాన నియంత్రణ సంస్థ) దగ్గర నమోదు తప్పనిసరి. మూడేళ్లకు ఐదు డాలర్లు. ఆ నంబరు విమానం పైన కనబడేలా ఉండాలి. సరదాకు ఎగరేసేవాళ్ల కోసం పెట్టిన ట్రస్ట్ అనే భద్రతా పరీక్ష కూడా రాయాలి, అది ఉచితం. ఎఫ్‌ఏఏ గుర్తించిన క్లబ్బు మైదానంలోనైతే ఎగిరే విమానం గుర్తింపును, స్థానాన్ని ప్రసారం చేసే రిమోట్ ఐడీ పరికరం అక్కర్లేదు. బయట ఎగరేస్తే కావాలి.

హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చిపెట్టమని అడిగే మిత్రులు తరచూ తగులుతుంటారు. ఈ బ్యాటరీ శక్తి 111 వాట్ అవర్లు. వంద దాటింది కాబట్టి విడి బ్యాటరీలు చేతి సంచిలోనే, అదీ విమాన సంస్థ అనుమతితో, రెండుకు మించకుండా తీసుకెళ్లాలి. 2022 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది కూడా. రిమోట్‌తో ఎగిరే వస్తువును పెట్టెలో సర్దే ముందు ఆ నిబంధన చదువుకోండి.

ధర సుమారు 500 డాలర్లు. రెండు బ్యాటరీలు, రిసీవర్, విడి సరఫరా యూనిట్ కలిపితే ఎనిమిది వందలు దాటుతుంది. అంత పెట్టేవాళ్లకు నా సలహా: విమానంతో పాటే ఒక ప్రొపెల్లర్, ఒక జత చక్రపు కాడలు, ముక్కు కోను అదనంగా తెప్పించుకోండి. విడిభాగాలు ఎప్పుడు అయిపోతాయో దుకాణాలవాళ్లకే తెలియదు. తుపాకీ గొట్టాలు, యాంటెన్నా కడ్డీ రవాణాలో విరిగేవి. అవి అతికించకుండా గుచ్చి ఉంచుకుని, కారెక్కించే ముందు తీసి జేబులో వేసుకోండి.